నాయిన తుపాకి కోసం ఏడాది

2024 జనవరి 28న నాయిన పోయారు. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లాక అమ్మ బీరువా తాళాలు నా చేతిలో పెట్టింది. "పట్టా కాయితాలు తర్వాత చూద్దువు గానీ, ముందు దాని సంగతి చూడు బిడ్డా" అన్నది. అడుగు అరలో, పాత దుప్పటిలో చుట్టి ఉంది నాయిన తుపాకి. పన్నెండు బోర్ (బోర్ అంటే గొట్టం వెడల్పు కొలత), డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాలది. పక్కన అట్టపెట్టెలో రంగు వెలిసిన తూటాలు, ప్లాస్టిక్ కవర్లో లైసెన్సు పుస్తకం.

మిర్యాలగూడ పక్కన మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. ఇల్లు కూడా మిల్లు ఆవరణలోనే. వడ్ల సీజన్‌లో రైతులకు, హమాలీలకు ఇవ్వాల్సిన డబ్బు ఒకప్పుడు ఇంట్లోనే ఉండేది. ఆ భయంతోనే నాయిన లైసెన్సు తీసుకున్నారట. నేను చూసినంతలో ఆయన దాన్ని బయటికి తీసింది దసరాకి పూజ చేయడానికి, ఎలక్షన్ వస్తే స్టేషన్‌లో జమ చేయడానికి. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికలకు జమ చేసి, డిసెంబరులో తెచ్చుకున్నారు. అదే చివరిసారి.

మా ఆయన టీచరు. ఆయనకు తుపాకి పేరెత్తితేనే పడదు. తమ్ముడు అమెరికాలో. మిల్లు లెక్కలు ఇప్పుడు నావి, రాత్రిళ్లు గేటు బయట బండి ఆగితే లేచి కూర్చునేదీ నేనే. కాబట్టి ఉంచుకోవాలన్నది నా నిర్ణయం. అమ్మకు మాత్రం అది నాయిన వస్తువు, అంతే. ఆయన కళ్లజోడు ఎట్లనో అదీ అట్లనే.

లైసెన్సుదారు పోయాక ఆ ఆయుధం ఇంట్లో ఉండటానికి వీల్లేదని, ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేయాలని వకీలు చెప్పాడు. అప్పటికే రెండు వారాలైంది. ఫిబ్రవరి 12న ముందుగా స్టేషన్‌కు ఫోన్ చేసి, బ్యారెల్ ఊడదీసి, కారు వెనక సీట్లో పెట్టుకుని వెళ్లాం. ఫోన్ చేసి వెళ్లడం మంచిదైంది. చేయకుండా తుపాకి పట్టుకుని స్టేషన్ మెట్లెక్కితే ఎట్లుంటుందో మీరే ఆలోచించండి.

అక్కడ కానిస్టేబుల్ తూటాలు మూడుసార్లు లెక్కపెట్టాడు. పదిహేడు. పుస్తకంలో చివరిసారి కొన్నవి ఇరవై అయిదు. "ఎనిమిది ఏమైనయమ్మా?" అన్నాడు. అమ్మ తడుముకోకుండా "బత్తాయి తోటల పందులొస్తే గాల్లోకి కాల్చిండు సారూ" అన్నది. నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను. ఎస్సై తలెత్తి చూసి, నవ్వాపుకుని, "ఉన్నయి ఎన్నో అవే రాయి" అన్నాడు. రసీదులో తుపాకి నంబరు లైసెన్సులో ఉన్నట్టే పడిందో లేదో అక్కడే నిలబడి సరిచూసుకున్నాను. మొదట ఒక అంకె తప్పు రాశారు. ఇంటికొచ్చాక చూసుకుంటే ఆ ఒక్క అంకె కోసం ఎన్ని తిరుగుళ్లు తిరగాల్సి వచ్చేదో.

వారసులకు లైసెన్సు ఇచ్చే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఫారం ఏ-1. దానికి జోడించే కాగితాల్లో తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం, డాక్టరు సర్టిఫికెట్, తుపాకి భద్రంగా దాచుకుంటానని హామీపత్రం ఉన్నాయి. ఇవన్నీ ఎట్లాగో తేవచ్చు అనిపించింది. ఇంకోటి ఉంది, ఫారం ఎస్-1. తుపాకి సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్. నాయిన కాలంలో ఇది లేదు. అప్లికేషన్ పెట్టుకున్నారు, లైసెన్సు వచ్చింది, తుపాకి కొన్నారు. తూటా ఎట్ల పెట్టాలో కొట్టువాడే చూపించాడట.

మార్చి 16న లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది. ఇక జూన్ దాకా ఈ ఫైలు ముఖం ఎవరూ చూడరని అందరూ చెప్పారు, అట్లనే అయింది. ఆ మూడు నెలలు వృథా చేయకూడదని శిక్షణ ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాను.

చెప్పాలంటే శిక్షణ కన్నా, శిక్షణ ఇచ్చేవాళ్లను వెతకడమే పెద్ద పని. ఒక ఆఫీసులో "సర్టిఫికెట్ కావాలి" అన్నారు. ఎక్కడ ఇస్తారని అడిగితే "అది మీరే చూసుకోవాలి". ఇంకో ఆఫీసులో, పైనుంచి ఆర్డరు లేకుండా సివిలియన్లకు మేం నేర్పం అన్నారు. నల్గొండలో ఎన్‌సీసీ చేసిన ఒక పెద్దాయన ఎయిర్ రైఫిల్ నేర్పే చోటు చూపించాడు. వెళ్లి చూశాను. పది మీటర్ల దూరంలో కాగితం, మధ్యలో పెన్నుతో చుక్క పెట్టినంత పది పాయింట్ల గురి. పిల్లలు ఊపిరి బిగబట్టి కొడుతున్నారు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. చాలా బాగుంది, మా అమ్మాయిని చేర్పిద్దామా అని కూడా అనిపించింది. కానీ అది ఆట. నాకు కావాల్సింది వేరు.

ఏప్రిల్‌లో ఒకాయన ఫోన్‌లో దొరికాడు. "మీరు రానక్కర్లేదు మేడం, ఆధార్, ఫొటో పంపండి, పదిహేను వేలు, రెండు రోజుల్లో సర్టిఫికెట్ మీ ఇంటికి." నిజం చెప్తాను, ఒక రాత్రంతా ఆలోచించాను. పొద్దున వద్దన్నాను. నీతి కోసం కాదు. తుపాకి ఇంట్లోకి తిరిగొచ్చాక దాన్ని తెరవడం కూడా రాకుండా పిల్లల మధ్య పెట్టుకోవడమా అని భయమేసింది. మా అమ్మాయికి పదకొండు, బాబుకు ఏడు.

తమ్ముడితో గొడవ కూడా అప్పుడే. వాడి అంగీకార పత్రం లేకుండా ఫైలు కదలదు. "అక్కా, ఇక్కడ రోజూ వార్తల్ల చూస్తున్నం. పిల్లలున్న ఇంట్ల అదెందుకు?" అన్నాడు. నా దగ్గర మంచి జవాబు లేదు. నేర్చుకున్నాక కూడా వద్దనిపిస్తే డీలరుకు అమ్మేస్తానని మాటిచ్చాను. అయినా కాగితం రావడానికి అయిదు వారాలు పట్టింది.

జూలైలో, మా చిన్నమ్మ కూతురి ఆఫీసులో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ద్వారా, హైదరాబాద్ పడమటి వైపు ఒక రేంజ్‌లో, అంటే కాల్చడం నేర్పే చోట, శిక్షణ ఇచ్చే ఒకాయన నంబరు దొరికింది. సైన్యంలో సుబేదార్‌గా చేసి రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది నా పేరు కాదు. "తుపాకి ఇప్పుడెక్కడుందమ్మా?" స్టేషన్‌లో అన్నాను. "అయితే మాట్లాడొచ్చు" అన్నాడు. మూడు రోజులు, తొమ్మిదిన్నర వేలు. తూటాల ఖర్చు వేరే, ఒక్కోటి నూట ఇరవై. రేంజ్‌లో వాళ్ల తుపాకులే, మనది తేకూడదు. ఎస్-1 ఇవ్వగలరా అని అడిగాను, ఇస్తామన్నారు. ఇది డబ్బు కట్టకముందే అడగండి. కాల్చడం నేర్పేవాళ్లంతా ఆ ఫారం మీద సంతకం పెట్టేవాళ్లు కారు.

బట్టల గురించి ఆయన పెట్టిన మెసేజ్ చూసి నవ్వొచ్చింది. మెడ మూసిన టీషర్టు, బూట్లు, జుట్టు ముడి. చీర, చున్నీ, చెప్పులు వద్దు. ఎందుకో రెండో రోజు తెలిసింది.

ఆగస్టు 23, శుక్రవారం. తెల్లవారుజామున బస్సు పట్టుకుని ఎల్‌బీ నగర్‌లో దిగి, మెట్రోలో మియాపూర్ దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. మొత్తం ఆరుగురం, ఆడదాన్ని నేనొక్కదాన్నే. బ్యాంకు గార్డు ఉద్యోగం కోసం వచ్చిన ఇద్దరు మాజీ సైనికులు, ఒక బంగారం షాపు యజమాని కొడుకు, ఒక డాక్టరు, ఒక రియల్ ఎస్టేట్ ఆయన. ఈయన కూర్చోగానే "పెళ్లిళ్లల్ల గాల్లోకి కాలిస్తే ఏం కాదు కదా సార్?" అన్నాడు. సుబేదార్ సార్ శాంతంగా, ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత అది విడిగా నేరమని, రెండేళ్ల దాకా జైలు గానీ లక్ష దాకా జరిమానా గానీ రెండూ గానీ పడతాయని చెప్పాడు. "పైకి పోయిన గుండు పైన్నే ఉండదు కదా అన్నా, ఎవరో ఒకరి ఇంటి మీదికే దిగుతది." ఆ మనిషి రెండో రోజు రాలేదు.

మొదటి పూట అసలు తుపాకి ముట్టుకోనివ్వలేదు. బల్ల మీద డబుల్ బ్యారెల్ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమన్నాడు. ప్రతి తుపాకీ నిండి ఉందనే అనుకోవాలి. కాల్చకూడనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి ఏంటో, దాని వెనక ఏముందో తెలియాలి. ఈ నాలుగూ మాతో ఎన్నిసార్లు చెప్పించాడో లెక్కలేదు. మధ్యాహ్నం తుపాకిని నడుమకు విరిచినట్టు తెరవడం, తూటాలు పెట్టే రెండు గదుల్లోనూ వేలు పెట్టి ఖాళీ అని చూసుకోవడం, తెరిచి ఉంచే ఇంకొకరి చేతికి ఇవ్వడం. "ఇప్పుడే చూసిన సార్" అని నేను అంటే, "మళ్ల చూడు. నీ చేతిల నుంచి పోయి వచ్చింది కదా" అన్నాడు. ఆ సాయంత్రానికి ఆ తుపాకిని వందసార్లు తెరిచి ఉంటాను. నాయిన చేతుల్లో ఎప్పుడూ మూసే ఉండేది, నాకు గుర్తు.

ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానికి, వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానికి అని ఆ రోజే తెలిసింది. ఇంకో సంగతి కూడా. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూడమన్నాడు. ఎడమ కన్ను మూస్తే గడియారం మాయం, కుడి కన్ను మూస్తే ఉంది. అంటే చేతివాటం కుడి, కంటివాటం ఎడమ. ముప్ఫై తొమ్మిదేళ్లు వచ్చాయి, ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. కుడి భుజం మీద పెట్టి రెండు కళ్లూ తెరిస్తే నా గుండు ఎప్పుడూ పక్కకే పోతుందన్నమాట. ఎడమ కన్ను మూసి కాల్చమన్నాడు.

రెండో రోజు కాల్పులు. ముందు పాయింట్ టూటూ రైఫిల్, పిస్టల్. వేలి గోరంత తూటా, చప్పుడు కూడా చిన్నదే. కానీ అది కిలోమీటరు దాటి పోగలదని చెప్పినప్పటి నుంచి దాన్ని చూసే చూపు మారింది. పిస్టల్ నుంచి వేడి ఖాళీ తొడుగులు కుడివైపు ఎగురుతున్నాయి. డాక్టరు గారి చొక్కా కాలర్లో ఒకటి పడింది. ఆయన గంతులు చూశాక మూసిన మెడ టీషర్టు ఎందుకో ఎవరూ అడగలేదు.

తర్వాత పన్నెండు బోర్. మొదటి దెబ్బకు నేను అరిచానట, నాకు వినిపించలేదు. చెవులకు మఫ్‌లు ఉన్నాయి, అయినా చప్పుడు ఛాతీలోకి వస్తుంది. భుజానికి గట్టిగా ఆనించకపోవడం వల్ల తన్నింది, మూడు రోజులు కమిలి ఉంది. ఇరవై తూటాలు కాల్చాను. కాగితం దగ్గరికి వెళ్లి చూస్తే ఆశ్చర్యం. ఈ తుపాకి పేల్చితే తూటాలోని చిన్న గుండ్లన్నీ గొడుగులా విప్పుకుని గదంతా పోతాయి, గురి అక్కర్లేదు అని మా ఊళ్లో అందరూ అంటారు, నేనూ అదే అనుకున్నా. ఏడు గజాల దూరంలో రంధ్రాలన్నీ నా అరచేతిలో పట్టేంత చోటే. గురి తప్పితే మొత్తం తప్పినట్టే. తప్పిన గుండ్లు సన్నటి తలుపు దాటి పోతాయి. మా ఇంట్లో వరండా తలుపు వెనక పిల్లల గది.

అన్నం ముందు సబ్బుతో చేతులు, మొహం కడుక్కోమని నిలబడి మరీ చూశాడు. సీసం ధూళి అంటుతుందట. నేను అప్పటికే పులిహోర డబ్బా తెరిచాను. మూత పెట్టించాడు.

మూడో రోజు పొద్దున చట్టం. ఆయన నోట్సులో ఆత్మరక్షణ సెక్షన్లు ఐపీసీ 96 నుంచి 106 అని టైపు చేసి ఉన్నాయి. పెన్నుతో కొట్టేసి పైన 34 నుంచి 44 అని రాసుకున్నాడు, జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. అవసరానికి మించి హాని చేస్తే అది ఆత్మరక్షణ కాదు. పోలీసుల సాయం అందే సమయం ఉంటే ఆ హక్కు లేదు. పారిపోయేవాణ్ని వెనక నుంచి కాలిస్తే ఏమని చెప్పుకుంటావ్? ఇట్లా ఒక్కొక్కటి అడుగుతూ పోయాడు. బంగారం షాపు అబ్బాయి ప్రతి ప్రశ్నకూ "కాలుస్తా" అనే అన్నాడు. రెండు గంటల తర్వాత ఒకసారి "ఫోన్ చేస్తా" అన్నాడు. సార్ చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం లైట్లు తగ్గించి, మనుషుల బొమ్మలున్న కాగితాలు పెట్టారు. తుపాకి ఖాళీ, డమ్మీ తూటాలు. ఆయన కథ చెప్తాడు, మనం ఏం చేస్తామో చేసి చూపాలి. నాకు చెప్పిన కథ మా ఇల్లే. మొదటి రోజే నా దగ్గర అంతా కనుక్కున్నాడు. "రాత్రి రెండైంది. కుక్క మొరుగుతున్నది. గోదాం దిక్కు అడుగుల చప్పుడు." నేను తుపాకి తీసుకుని తలుపు తీసి బయటికి అడుగేశాను. కాగితం నా వైపు తిరిగింది. మనిషి, చేతిలో ఏదో మెరుస్తోంది. ట్రిగ్గర్ నొక్కాను. టక్‌మంది.

లైట్లు వేశారు. బొమ్మ చేతిలో ఉన్నది బ్యాటరీ లైటు.

"ఎవరమ్మా ఆయన?" అన్నాడు సుబేదార్ సార్. నేను మాట్లాడలేదు. "మీ వాచ్‌మన్ తాత గిట్ల లేడు కదా?"

మా వాచ్‌మన్ తాతకు డెబ్బై దగ్గర. నాయిన కన్నా ముందు నుంచి మిల్లులో ఉన్నాడు. రాత్రి రెండింటికి గోదాం దిక్కు లైటు పట్టుకుని తిరిగేది ఆయనొక్కడే. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ ఓదార్చలేదు, అదీ మంచిదే. నీళ్లిచ్చి, మళ్లీ చేయించాడు. తలుపు తీయకు. పిల్లలున్న గదిలోకి పో, తలుపు వేసుకో. 100కు ఫోన్ చెయ్యి. గట్టిగా "ఎవరు?" అని అరువు. తుపాకి చివర్న, అదీ ఎవరైనా ఆ గది తలుపు పగలగొట్టుకుని వస్తేనే. నాలుగోసారికి సరిగ్గా చేశాను. సాయంత్రం ఎస్-1 మీద సంతకం పెట్టి ఇస్తూ, "మాది పాలమూరు, అచ్చంపేట దిక్కు. మా ఊర్లె పందుల కోసం పోయి సొంత బామ్మర్దిని కాల్చిండు ఒకడు, పొదల కదిలిందని" అన్నాడు. మూడు రోజుల్లో ఆయన సొంత విషయం చెప్పింది అదొక్కటే.

ఖర్చు చెప్తాను. శిక్షణ, తూటాలు, దారి ఖర్చులు కలిపి పద్నాలుగు వేలు దాటింది. ఉండటం చిన్నమ్మ కూతురి ఇంట్లో కాబట్టి లాడ్జి ఖర్చు లేదు.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. సెప్టెంబరు మొదట్లో ఆ పెద్ద వానలు, వారం రోజులు ఎక్కడికీ కదల్లేదు. డాక్టరు సర్టిఫికెట్ కోసం రెండుసార్లు తిరిగాను. కళ్లు, బీపీ చూసి, "నిద్ర పడుతుందా? ఈమధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగారు. నాయిన సంగతి చెప్పాను. పెన్ను పక్కన పెట్టి కాసేపు మామూలు మాటలు మాట్లాడి, తర్వాత రాశారు. సెప్టెంబరు 18న దరఖాస్తు పూర్తయింది. దసరా అయ్యాక అక్టోబరు చివర్లో పోలీసులు విచారణకు వచ్చారు. పక్కింటివాళ్లను అడిగారు, బీరువా చూసి పెదవి విరిచారు. గోడకు బోల్టులు వేసి బిగించే ఇనుప లాకరు కొన్నాను. పద్నాలుగు వేలు, మేస్త్రీకి ఆరు వందలు. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. ఆ తర్వాత మూడు నెలలు నిశ్శబ్దం. ఫైలు ఎక్కడుందో కనుక్కోవడానికి నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ వేరే బల్ల చూపించారు.

2025 జనవరి 31న మంజూరైంది. నా పేరు మీద, యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరుతో, అయిదేళ్లకు. ఫిబ్రవరి 6న స్టేషన్‌లో తుపాకి తీసుకున్నాను. ఏడాది మూల పడి ఉండటంతో గొట్టాల మీద తుప్పు పట్టింది. అక్కడి కానిస్టేబుల్ నా చేతికిస్తే, తీసుకోగానే తెరిచి రెండు గదుల్లోనూ వేలు పెట్టి చూశాను. ఆయన వింతగా చూశాడు. పాత తూటాలు పదిహేడూ ఉబ్బిపోయాయి, వాడకూడదని సార్ ముందే చెప్పాడు. వాటిని తీసుకోలేదు. తుప్పు తీయించడానికి హైదరాబాద్‌లో డీలరు దగ్గర మూడు వేలు అయింది. కొత్త తూటాలు పది మాత్రమే కొన్నాను.

తమ్ముడికి ఫోన్ చేసి అమ్మలేదని చెప్పాను. సరే అన్నాడు, ఇంకేం అనలేదు. అమ్మ ఈ దసరాకి పూజలో పెడదాం అంటోంది. తెరిచి పెడతానంటే, అట్ల విరిగినట్టు కనపడితే బాగుండదు అంటోంది. ఇంకా తేలలేదు.

వాచ్‌మన్ తాతకు ఆ కాగితం బొమ్మ సంగతి చెప్పలేదు. రాత్రి ఇంటి వైపు వచ్చినప్పుడల్లా గొంతెత్తి పలకమని మాత్రం చెప్పాను. ఎందుకని అడగలేదు ఆయన. ఇప్పుడు రోజూ రెండింటికి కుక్క మొరగడం, ఆ వెంటనే కిటికీ అవతల నుంచి "నేనే బిడ్డా" అనడం. మొదట్లో పిల్లలు లేచేవాళ్లు. ఇప్పుడు వాళ్లకు అలవాటైంది.